పండుగ దీపాల ప్రదర్శన: నెట్‌వర్క్ కంట్రోలర్ల అమరికలో ఫ్రేములు ఆగి ఆగి రావడం, ఇంటి వైఫై నెమ్మదించడం

దీపమాలిక (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. దీపావళికి మొదలై కొత్త సంవత్సరం వరకు నిలిచే దీపాల ప్రదర్శనను మా ఇంటి ముందు సిద్ధం చేస్తున్నాను. పాటకు తగినట్లు ప్రతి దీపమూ విడివిడిగా రంగు మార్చుకోవాలన్నది ఉద్దేశం కనుక, డబ్ల్యూఎస్2811 చిప్ ఉన్న 12 వోల్టుల పిక్సెల్ దీపాలనే అంతటా వాడుతున్నాను. ఇంటి కప్పు అంచున 550, నాలుగు కిటికీల చుట్టూ 280, గుమ్మానికి ఇరువైపులా ఉన్న రెండు పెద్ద ప్రమిద ఆకారాలకు 170, పచ్చికలో నిలబెట్టిన చెట్టు ఆకారానికి 800, నడకదారి మీది నాలుగు తోరణాలకు 200, కారు దారి పక్కన పరిచిన ముగ్గుకు 300, అన్నీ కలిపి 2,300 పిక్సెళ్లు ఉన్నాయి.

గ్యారేజీ గోడ మీద పిక్సెళ్లను నడిపే ఒక 16 పోర్టుల కంట్రోలర్ ఉంది. కప్పు అంచు, కిటికీలు, ప్రమిదలు దాని మీద నడుస్తాయి. చెట్టు మొదట్లో అలాంటిదే మరొకటి చెట్టును, తోరణాలను చూసుకుంటుంది. రెండూ ఈథర్నెట్ కేబుల్‌తో ఇంటి రౌటర్‌కు కలిసి ఉన్నాయి. ముగ్గుకు మాత్రం, దీపాలను నడిపే డబ్ల్యూఎల్‌ఈడీ ఫర్మ్‌వేర్ ఎక్కించిన రెండు చిన్న ఈఎస్‌పీ32 సర్క్యూట్ బోర్డులు వైఫై మీద పనిచేస్తున్నాయి. సీక్వెన్సులను, అంటే పాటకు తగిన వెలుగుల క్రమాలను, ఎక్స్‌లైట్స్ సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసి, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచే ఫాల్కన్ ప్లేయర్ ప్రోగ్రామ్ నుంచి సెకనుకు 40 ఫ్రేముల చొప్పున ఇ1.31 ప్రమాణంలో, మల్టీకాస్ట్ (అందరికీ ఒకేసారి పంపే) పద్ధతిలో పంపుతున్నాను.

ప్రదర్శన మొదలైన కాసేపటికే ముగ్గులోని కదలిక ఆగి ఆగి సాగుతోంది. అదే సమయంలో ఇంట్లో వైఫై బాగా నెమ్మదించి, పిల్లల చదువుకు కూడా ఇబ్బంది కలుగుతోంది. కేబుల్‌తో ఉన్న కప్పు అంచు మాత్రం నిలకడగానే ఉంది. ఇంకొక సమస్య ఏమిటంటే, కిటికీలకు ఈ మధ్య 20 పిక్సెళ్లు అదనంగా చేర్చినప్పటి నుంచి చెట్టు మీద తిరగవలసిన సుడి ఒక పక్కకు జరిగి, తెగినట్లు కనిపిస్తోంది. మరింత వేగం గల రౌటర్ కొంటే ఇవన్నీ తీరుతాయా, లేక అమరికలోనే మార్పు కావాలా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

సియాటిల్‌వాసి (సియాటిల్, వాషింగ్టన్)

దీపమాలిక గారూ, రౌటర్ కొనే ముందు ఒక్క లెక్క చూడండి. రంగస్థల దీపాల కోసం పుట్టిన డీఎంఎక్స్512 పద్ధతిని నెట్‌వర్క్ మీదికి తెచ్చిన ప్రమాణమే ఇ1.31, అందుకే దానిలో సమాచారం 512 ఛానెళ్ల కట్టలుగా, అంటే యూనివర్సులుగా, ప్రయాణిస్తుంది. ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్లు కావాలి కనుక ఒక యూనివర్స్‌లో 170 పిక్సెళ్లు పడతాయి. మిగిలే రెండు ఛానెళ్లను సాధారణంగా వదిలేస్తారు. మీ రెండు పెద్ద కంట్రోలర్ల మీద వెయ్యేసి పిక్సెళ్లు ఉన్నాయి కాబట్టి వాటికి ఆరేసి యూనివర్సులు, ముగ్గులోని రెండు బోర్డులకు 150 చొప్పున పిక్సెళ్లు ఉన్నాయనుకుంటే ఒక్కొక్కటి, మొత్తం 14 యూనివర్సులు అవుతాయి. ఫ్రేముకు ఒక్కొక్క యూనివర్స్‌కు ఒక ప్యాకెట్ చొప్పున, సెకనుకు 40 ఫ్రేములంటే 560 ప్యాకెట్లు. నిండు యూనివర్స్ ప్యాకెట్ 638 బైట్లు ఉంటుంది. దాని మీద చేరే ఇతర శీర్షికలను కలుపుకున్నా మొత్తం ప్రవాహం సెకనుకు 3 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది. చాలా పాత 100 మెగాబిట్ల స్విచ్‌కు కూడా ఇది లెక్కలోకి రాని బరువు. అంటే వేగం చాలకపోవడం మీ సమస్య కాదు.

సమస్య మల్టీకాస్ట్‌లో ఉంది. ఒక ఇంటికి చెప్పవలసిన కబురును ఊరంతా టముకు వేయించినట్లు, మల్టీకాస్ట్ ప్యాకెట్ 239.255 తో మొదలయ్యే ఉమ్మడి చిరునామాకు వెళుతుంది. ఎవరికి కావాలో కనిపెట్టి వారికే పంపే ఐజీఎంపీ స్నూపింగ్ సదుపాయం లేని రౌటరు దానిని అన్ని పోర్టులకూ, ఆ వెంటనే వైఫైకీ వదులుతుంది. వైఫై మీద మల్టీకాస్ట్‌కు రెండు బలహీనతలు ఉన్నాయి. అందుకున్నట్లు ఎదుటి పరికరం నుంచి బదులు రాదు కనుక, దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపడం ఉండదు. పైగా దూరాన ఉన్న పరికరానికి కూడా వినిపించాలని దానిని అతి తక్కువ మూల వేగంతో పంపుతారు, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో అనేక రౌటర్లలో ఆ వేగం సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే. 3 మెగాబిట్ల ప్రవాహాన్ని 1 మెగాబిట్ దారిలోకి తోస్తే మీ ముగ్గు ఆగక తప్పదు, ఇంట్లోని మిగతా పరికరాలకు గాలిలో చోటు దొరకదు. ఈఎస్‌పీ32 బోర్డుకు ఆ 2.4 పట్టీ తప్ప మరొకటి తెలియదు.

కాబట్టి ఎక్స్‌లైట్స్‌లోని కంట్రోలర్ల పేజీలో ప్రతి కంట్రోలర్‌కు దాని ఐపీ చిరునామాను ఇచ్చి యూనికాస్ట్‌కు, అంటే ఆ ఒక్క పరికరానికే పంపే పద్ధతికి మార్చండి. మీ కంట్రోలర్లు డీడీపీ అనే మరొక నెట్‌వర్క్ పద్ధతిని అర్థం చేసుకుంటే అది ఇంకా మేలు. డీడీపీలో యూనివర్సుల ఊసే ఉండదు. ఒక ప్యాకెట్‌లో 1,440 బైట్లు, అంటే 480 పిక్సెళ్ల సమాచారం పడుతుంది. పెద్ద కంట్రోలర్‌కు ఫ్రేముకు మూడు ప్యాకెట్లు, చిన్న బోర్డుకు ఒకటి సరిపోతాయి. 560 ప్యాకెట్ల స్థానంలో 320 ప్యాకెట్లే వెళతాయి. అంతకంటే ముఖ్యంగా, ఏ యూనివర్స్ ఎక్కడ మొదలవుతుందో లెక్కపెట్టే శ్రమ పూర్తిగా తప్పుతుంది.

ఇక చెట్టు మీది సుడి విషయం. ఫాల్కన్ ప్లేయర్ తన అవుట్‌పుట్ పట్టికలో ఒక్కొక్క కంట్రోలర్ ఎన్నో ఛానెల్ నుంచి మొదలవుతుందో మొదటి నుంచి వరుస సంఖ్యలుగా రాసి పెట్టుకుంటుంది. గ్యారేజీ కంట్రోలర్ మీద 20 పిక్సెళ్లు చేరితే, సంఖ్యల వరుసలో దాని తరువాత ఉన్న చెట్టు కంట్రోలర్ ఆరంభ సంఖ్య 60 ఛానెళ్లు పెరుగుతుంది. కొత్తగా రెండర్ అయిన (ఫ్రేములుగా తయారైన) సీక్వెన్స్‌లో ఆ జరుగుడు ఉంటుంది, ప్లేయర్‌లోని పట్టిక మాత్రం పాతదే. 60 ఛానెళ్లంటే సరిగ్గా 20 పిక్సెళ్లు. మీ సుడి అంతే దూరం జరిగి ఉండాలి, కొలిచి చూడండి. పిక్సెళ్ల సంఖ్య ఎక్కడ మారినా మూడు పనులు కలిపి చేయాలి: సీక్వెన్సులను మళ్లీ రెండర్ చేసి పంపడం, ప్లేయర్‌కు అవుట్‌పుట్ పట్టికను పంపడం, కంట్రోలర్‌కు పోర్టుల అమరికను పంపడం. ఎక్స్‌లైట్స్‌లో ఈ మూడింటికీ సదుపాయం ఉంది. కంట్రోలర్ వెబ్ పేజీలో చేత్తో సంఖ్యలు దిద్దే అలవాటు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. అమరిక ఒక్కచోటే పుట్టాలి, అక్కడి నుంచే అన్నిటికీ చేరాలి.

వోల్టు_ఆంపియర్ (షార్లెట్, నార్త్ కరోలినా)

సియాటిల్‌వాసి గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఒక్క మాట చేరుస్తాను: యూనికాస్ట్‌కు మార్చిన తరువాత కూడా ప్రదర్శన ట్రాఫిక్ ఇంటి నెట్‌వర్క్ మీద ఉండకూడదు. రాస్ప్‌బెర్రీ పైకి ఈథర్నెట్, వైఫై అని రెండు దారులు ఉన్నాయి. ఈథర్నెట్‌ను ఒక చిన్న స్విచ్‌కు కలిపి, కంట్రోలర్లు రెండింటినీ ఆ స్విచ్‌కే కలపండి. ఆ స్విచ్ నుంచి ఇంటి రౌటర్‌కు తీగ ఉండకూడదు. ఈ వైపు 192.168.50 వరుసలో చిరునామాలు ఇవ్వండి: రాస్ప్‌బెర్రీ పైకి 192.168.50.1, గ్యారేజీకి 192.168.50.11, చెట్టుకు 192.168.50.12. ఇంటి వైపు వైఫై మామూలుగా 192.168.1 వరుసలోనే ఉంటుంది. రెండు దారులూ ఒకే వరుసలో ఉంటే ఏ ప్యాకెట్‌ను ఎటు పంపాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్పష్టత ఉండదు. ఒకసారి పనిచేసి మరొకసారి పనిచేయని విచిత్రమైన లోపాలకు మూలం చాలాసార్లు ఇదే. కంట్రోలర్లకు స్థిరమైన చిరునామాలే ఇవ్వాలి, ఎందుకంటే ఆ స్విచ్ మీద చిరునామాలు పంచే రౌటరు ఉండదు. అప్పుడు కంట్రోలర్ వెబ్ పేజీని ఇంటి ల్యాప్‌టాప్ నుంచి ఎలా తెరవాలన్న సందేహం వస్తుంది. ఫాల్కన్ ప్లేయర్‌లో ప్రాక్సీ సదుపాయం ఉంది, ఆ రెండు చిరునామాలను అక్కడ చేర్చితే ప్లేయర్ పేజీ ద్వారానే వాటిని తెరవవచ్చు.

విద్యుత్తు గురించి కూడా ఇప్పుడే చెప్పడం మంచిది. రెసిస్టర్ రకపు 12 వోల్టుల పిక్సెల్ పూర్తి తెలుపులో సుమారు 0.7 వాట్లు తీసుకుంటుంది. 2,300 పిక్సెళ్లకు 1,600 వాట్లు దాటుతుంది. అమెరికా ఇళ్లలో 120 వోల్టుల 15 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఎక్కువసేపు నడిచే బరువును 80 శాతానికి, అంటే 1,440 వాట్లకు పరిమితం చేయాలి. ప్రకాశాన్ని 30 శాతానికి తగ్గిస్తే మొత్తం 500 వాట్ల పరిసరాల్లోకి వస్తుంది. చీకటిలో ఆ ప్రకాశం కంటికి నిండుగానే ఉంటుంది, పొరుగువారికీ ఇబ్బంది ఉండదు. ఈ పరిమితిని సీక్వెన్స్‌లో కాకుండా కంట్రోలర్ పోర్టు అమరికలోనే పెట్టండి. అప్పుడు ఏ పాటలో ఎంత తెలుపు వచ్చినా హద్దు దాటదు.

ముగ్గులచుక్క (ఎడిసన్, న్యూజెర్సీ)

ముగ్గు అనే మాట చూసి ఆగలేకపోయాను. ఇలాంటి అమరికలలో నక్షత్రాలు, మంచు రేకలు అందరూ పెడతారు. మన ముగ్గును పెట్టేవారు తక్కువ. అందుకే అది ఆగి ఆగి నడవకూడదని మనసారా కోరుకుంటున్నాను.

మెలికల ముగ్గులో గీత తనను తాను దాటుకుంటూ పోతుంది కనుక, పిక్సెళ్ల తీగను ఆ గీత వెంటనే నడిపితే గీత గీస్తున్నట్లే వెలిగే కదలిక ఎంతో సహజంగా వస్తుంది. దాటుడు ఉన్న చోట ఒకే పిక్సెల్ పెట్టి రెండు గీతలకూ సరిపెట్టాలా, రెండు పెట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండు పెడితేనే గీత అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. ఎక్స్‌లైట్స్‌లో దీనిని కస్టమ్ మోడల్‌గా గీయాలి. అక్కడ జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. పిక్సెళ్లను పలక వెనుక నుంచి రంధ్రాల్లోకి తోస్తాం కనుక మన చేతికి కనిపించే వరుస, వీధిలో నిలబడినవారికి కనిపించే వరుసకు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. సంఖ్యలు వేసేటప్పుడు ముందు వైపు నుంచే వేయాలి.

వైఫై గురించి నా సలహా వేరు. గ్యారేజీ కంట్రోలర్‌కు డిఫరెన్షియల్ పోర్టులు ఉంటే, అక్కడి నుంచి ముగ్గు దగ్గరికి ఒక క్యాట్5 కేబుల్ లాగి, చివర రిసీవర్ బోర్డు పెట్టండి. అప్పుడు ముగ్గుకు విడిగా నెట్‌వర్కే అవసరం లేదు. సాధారణ పోర్టు నుంచి మొదటి పిక్సెల్‌కు పది పదిహేను అడుగులు దాటితే సంకేతం బలహీనపడి దీపాలు వణకడం మొదలవుతుంది. డిఫరెన్షియల్ సంకేతం రెండు తీగల మధ్య తేడాగా ప్రయాణిస్తుంది కనుక 200 అడుగులకు పైగా కూడా నిలుస్తుంది.

వోల్టు_ఆంపియర్

ముగ్గులచుక్క గారు చెప్పిన దారి ఉత్తమమైనది. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. డిఫరెన్షియల్ పోర్టు కూడా చూడటానికి ఈథర్నెట్ పోర్టులాగే, అదే ఆర్‌జే45 సాకెట్‌తో ఉంటుంది, కానీ అది నెట్‌వర్క్ కాదు. దానిని స్విచ్‌లోకో ల్యాప్‌టాప్‌లోకో పెట్టకూడదు. పరికరం దెబ్బతినే ప్రమాదం ఉంది. రెండు రకాల కేబుళ్లకు రెండు వేరు రంగులు వాడి, రెండు కొనల దగ్గరా పేరు రాసి అంటించండి.

సియాటిల్‌వాసి

150 పిక్సెళ్లకు వైఫై పూర్తిగా పనికిరాదని నేను అనను. యూనికాస్ట్ డీడీపీలో ఆ బోర్డుకు ఫ్రేముకు ఒక్క చిన్న ప్యాకెట్ వెళుతుంది, పోతే వైఫై తనంతట తాను మళ్లీ పంపుతుంది. రౌటర్‌లో ఆ బోర్డుల చిరునామాలను రిజర్వు చేసి ముందు ప్రయత్నించండి. సరిపోకపోతే కేబుల్ ఎలాగూ ఉంది. కారు దారి మీదుగా కేబుల్ పోవలసి వస్తే నడిచేవారి కాలికి తగలకుండా పైన రబ్బరు కవచం వేయాలి; పిల్లలు గుంపుగా వచ్చే చోట ఇది చిన్న విషయం కాదు.

దీపమాలిక

అందరికీ కృతజ్ఞతలు. రెండు పెద్ద కంట్రోలర్లను విడి స్విచ్ మీదికి మార్చి, అన్నిటినీ డీడీపీకి తెచ్చాను. అవుట్‌పుట్ పట్టికను మళ్లీ పంపగానే సుడి తన చోటికి వచ్చింది. జరిగిన దూరం 20 పిక్సెళ్లేనని కొలిచి చూశాను. ఇంటి వైఫై మామూలు వేగానికి చేరింది. ముగ్గు చాలావరకు బాగుపడింది కానీ, సాయంత్రం చుట్టుపక్కల ఇళ్లలో అందరూ ఉండే వేళ అప్పుడప్పుడు ఒక్క క్షణం నిలిచిపోతోంది. అందుకే కేబుల్, రిసీవర్ తెప్పిస్తున్నాను.

ఇప్పుడు కొత్తగా రెండు ప్రశ్నలు. రాత్రి 7 గంటలకు మొదలయ్యేలా షెడ్యూల్ పెడితే, కరెంటు పోయి వచ్చిన తరువాత ప్రదర్శన మరేదో వేళకు మొదలవుతోంది. రెండవది, చెట్టు మొత్తం తెల్లగా వెలిగిన క్షణంలో కొన్ని తీగల చివరి పిక్సెళ్లు వణుకుతున్నాయి. వేరే రంగుల్లో ఏ ఇబ్బందీ లేదు. చెట్టుకు 16 తీగలు, ఒక్కొక్క తీగకు 50 పిక్సెళ్లు. రెండేసి తీగలను కలిపి ఎనిమిది పోర్టులకు ఇచ్చాను.

సియాటిల్‌వాసి

మొదటిది గడియారం సమస్య. రాస్ప్‌బెర్రీ పై 4 వరకు ఉన్న బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. వెలిగిన ప్రతిసారీ అది ఇంటర్నెట్ నుంచి సమయం తెలుసుకోవాలి. ఈథర్నెట్ అమరికలో గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే చిరునామా) గడిలో మీరు ఏదైనా చిరునామా రాశారేమో చూడండి. అక్కడ ఏమైనా ఉంటే, ఇంటర్నెట్ కోసం రాస్ప్‌బెర్రీ పై ఆ విడి స్విచ్ వైపే వెతుకుతుంది, అటు ఇంటర్నెట్ లేదు. ఆ గడి ఖాళీగా ఉంటే వైఫై వైపు వెళ్లి సమయం తెచ్చుకుంటుంది. ఇంటర్నెట్ పోయినా ఆగకూడదనుకుంటే డీఎస్3231 చిప్ ఉన్న చిన్న గడియారం బోర్డు చేర్చండి.

వోల్టు_ఆంపియర్

రెండవది పూర్తిగా విద్యుత్తుకు సంబంధించినది. పూర్తి తెలుపులో మాత్రమే, అదీ తీగ చివరలో కనిపించే వణుకు వోల్టేజీ పడిపోవడం వల్ల వస్తుంది. మూడు రంగులూ కలిసి వెలిగినప్పుడే ఆంపియర్లు గరిష్ఠానికి చేరతాయి. 100 పిక్సెళ్లున్న మీ పోర్టు పూర్తి తెలుపులో ఇంచుమించు 6 ఆంపియర్లు కోరుతుంది. చాలా కంట్రోలర్లలో పోర్టుకు 5 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. ఫ్యూజు ఇంకా పోలేదంటే తెలుపు క్షణకాలమే వస్తూ ఉండాలి. పోర్టు ప్రకాశం 30 శాతానికి తగ్గించారో లేదో ముందు చూడండి. తగ్గిస్తే అది 2 ఆంపియర్ల లోపుకు వస్తుంది, వణుకు తగ్గుతుంది.

ఆ తరువాత కూడా మిగిలితే, రెండు తీగలు కలిసే చోట 12 వోల్టుల విద్యుత్తును మరొకసారి అందించాలి. రెండు వేర్వేరు పవర్ సప్లైల ధన తీగలను ఎన్నడూ ఒకదానితో ఒకటి కలపకూడదు. రెండవ సప్లై బాధ్యత ఎక్కడ మొదలవుతుందో అక్కడ పాత ధన తీగను కత్తిరించాలి. రుణ తీగలు మాత్రం అన్నీ కలిసే ఉండాలి, ఎందుకంటే డేటా సంకేతం ఎత్తును కొలిచేది దానితోనే. రుణ తీగ తెగిన చోట పిక్సెళ్లు పిచ్చిపట్టినట్లు రంగులు మారుస్తాయి. చూసేవారు దానిని నెట్‌వర్క్ లోపమని పొరబడతారు.

లోపం ఎక్కడ ఉందో దాని రూపమే చెబుతుందని నా నమ్మకం. ఒక కంట్రోలర్ కింద ఉన్నవన్నీ ఒకేసారి నిలిచిపోతే నెట్‌వర్క్‌ను చూడాలి. ఒక పిక్సెల్ నుంచి మొదలై ఆ తరువాతివన్నీ ఆరిపోతే, ఆరిన మొదటి పిక్సెల్‌ను, దానికి ముందున్న వెలుగుతున్న పిక్సెల్‌ను పరీక్షించాలి, ఎందుకంటే ప్రతి పిక్సెల్ తన వంతు సమాచారం తీసుకుని మిగతాది ముందుకు పంపుతుంది. కదలిక సరిగ్గా ఉండి రంగులు మాత్రమే తారుమారైతే అది రంగుల క్రమం; ఎరుపు, ఆకుపచ్చ స్థానాలు మార్చితే చాలు. బొమ్మ జరిగితే ఛానెళ్ల ఆరంభం. పరీక్షను కూడా ఇదే వరుసలో, కింది నుంచి పైకి చేయాలి: కంట్రోలర్ సొంత వెబ్ పేజీలోని పరీక్ష బాగుంటే తీగలు బాగున్నట్లే, ఆ తరువాత ప్లేయర్‌లోని పరీక్ష బాగుంటే నెట్‌వర్క్ బాగున్నట్లే, అప్పుడు మిగిలేది సీక్వెన్స్ ఒక్కటే. ఈ వరుస పాటించకుండా నాలుగైదు చోట్ల ఒకేసారి మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

పల్నాటి_ప్రభ (నరసరావుపేట)

ఈ చర్చను మొదటి నుంచి శ్రద్ధగా చదువుతున్నాను. మా పని వేరే దేశపు ఇళ్ల అలంకరణ కాదు, కానీ సమస్యలు అవే. మహాశివరాత్రి నాడు కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు తరలివస్తాయని తెలుగువారందరికీ తెలుసు. ఎనభై అడుగులు దాటిన ప్రభ మీద ఇప్పుడు పిక్సెల్ దీపాలు కడుతున్నాం. మా దగ్గర వాడేవి ఎస్‌డీ కార్డు పెట్టి నడిపే కంట్రోలర్లు. ఒక్కొక్కటి తన కార్డులో ఉన్న బొమ్మను తన లెక్కన తాను నడుపుతుంది. ఆరేడు కంట్రోలర్లను ఒకేసారి స్విచ్ వేసి మొదలుపెట్టినా, కొంతసేపటికి పై భాగంలో చక్రం, కింది భాగంలో చక్రం వేర్వేరు వేగాలతో తిరుగుతున్నట్లు అవుతుంది. మొత్తం ప్రభ ఒకే బొమ్మగా కదలాలన్నది మా ఊరివారి కోరిక. మీరు చెప్పిన పద్ధతి జనరేటర్ మీద, కదిలే ప్రభ మీద నిలుస్తుందా?

సియాటిల్‌వాసి

పల్నాటి_ప్రభ గారూ, మీరు చెప్పిన పని మా అందరి ఇళ్ల అలంకరణల కంటే ఎన్నో రెట్లు పెద్దది. దానికి ఉపయోగపడగలిగితే ఈ చర్చ ధన్యమైనట్లే. మీ కంట్రోలర్లు విడిపోవడానికి కారణం స్పష్టం: ప్రతి బోర్డులోని గడియారం కొద్ది కొద్దిగా తేడాగా నడుస్తుంది, ఆ తేడాను సరిదిద్దేవారు లేరు. దానికి రెండు పరిష్కారాలున్నాయి. ఒకే ప్లేయర్ నుంచి ప్రతి ఫ్రేమునూ అన్ని కంట్రోలర్లకూ పంపడం ఒకటి. అప్పుడు కంట్రోలర్‌కు సొంత గడియారంతో పని ఉండదు. లేదా ఫాల్కన్ ప్లేయర్ నడిచే బోర్డులనే కంట్రోలర్లుగా వాడి, ఒకటి ప్రధానంగా, మిగిలినవి రిమోట్లుగా పెట్టడం రెండవది. ఈ పద్ధతిలో ప్రతి రిమోట్ తన కార్డులో ఉన్న సీక్వెన్స్‌నే నడుపుతుంది కానీ, ఇప్పుడు ఎన్నో ఫ్రేము నడవాలో ప్రధాన ప్లేయర్ తరచుగా చెబుతూ ఉంటుంది, వెనుకబడినది అందుకుంటుంది. మధ్యలో ఒక క్షణం కేబుల్ వదులైనా బొమ్మ ఆగదు. కదిలే ప్రభకు నేను ఈ రెండవ పద్ధతినే సూచిస్తాను.

వైఫై ఆలోచన మాత్రం పూర్తిగా విరమించండి. తిరునాళ్లలో అన్ని వేల ఫోన్ల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఏ ప్యాకెట్ ఎప్పుడు చేరుతుందో ఎవరూ చెప్పలేరు. ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది కనుక ఎనభై అడుగుల ఎత్తు సమస్య కాదు. కంట్రోలర్లను కింద పెట్టి పిక్సెల్ తీగలను పైకి లాగకుండా, కంట్రోలర్లనే ప్రభ మీద రెండు మూడు ఎత్తులలో కట్టి, కింద ఉన్న స్విచ్ నుంచి ఒక్కొక్కదానికి విడి కేబుల్ పంపండి.

ఇంకొక లెక్క గుర్తుంచుకోవాలి. డబ్ల్యూఎస్2811 చిప్‌కు ఒక్క పిక్సెల్ సమాచారం అందించడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. సెకనుకు 40 ఫ్రేములంటే ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు, అంటే ఒక పోర్టు మీద 800 పిక్సెళ్లు దాటితే సమయం చాలదు. 20 ఫ్రేములతో సరిపెట్టుకుంటే 1,600 వరకు పోవచ్చు. పెద్ద చక్రాలు నెమ్మదిగా తిరిగే ప్రభకు 20 ఫ్రేములు చాలునని నా అభిప్రాయం.

వోల్టు_ఆంపియర్

జనరేటర్ గురించి. మీరు వాడే ఎస్‌ఎంపీఎస్‌ల (పవర్ సప్లైల) పక్కన 115, 230 అని రాసిన చిన్న జారుడు స్విచ్ ఉందేమో ప్రతిదానినీ విప్పి చూడండి. అది 115 దగ్గర ఉండగా మన 230 వోల్టులు ఇస్తే ఆ క్షణమే కాలిపోతుంది. పెద్ద మైకు సెట్ల బరువు పడినప్పుడు వోల్టేజీ ఊగిసలాడుతుంది కనుక, దీపాలకూ మైకులకూ వేర్వేరు జనరేటర్లు ఉంటే మంచిది. అది వీలుకాకపోతే కనీసం ప్లేయర్‌కు, స్విచ్‌కు ఒక చిన్న యూపీఎస్ పెట్టండి. ఆ రెండూ కలిసి 20 వాట్లు కూడా తీసుకోవు. ఎక్కువ మంది తాకే అవకాశం ఉన్న చోట 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (విద్యుత్తు లీకైతే సరఫరా ఆపే స్విచ్) లేకుండా 230 వోల్టుల తీగను ప్రభ మీదికి ఎక్కించవద్దు. జనరేటర్‌కు న్యూట్రల్, ఎర్త్ సరిగ్గా కలిపి ఉంటేనే ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. పరీక్ష బటన్ నొక్కి చూడటం చాలదు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాలి.

ముగ్గులచుక్క

కుదుపుల గురించి కూడా ఆలోచించాలి. ఆర్‌జే45 కొనలోని ప్లాస్టిక్ నాలుక విరిగితే కేబుల్ నెమ్మదిగా జారిపోతుంది. కొనకు నాలుగంగుళాల ముందే కేబుల్‌ను పెట్టెకు టైతో బిగించి, లాగుడు సాకెట్ మీద పడకుండా చూడండి. పెట్టెలోకి తీగలు కింది వైపు నుంచే ప్రవేశించాలి, అప్పుడు మంచు నీరు లోపలికి దిగదు.

దీపమాలిక

రిసీవర్ అమర్చాను, ముగ్గు ఇప్పుడు గ్యారేజీ కంట్రోలర్ మీదనే, ఎక్కడా నిలవకుండా నడుస్తోంది. గేట్‌వే గడి ఖాళీ చేయగానే సమయం కుదిరింది. ప్రకాశం 30 శాతానికి తెచ్చాక చెట్టు మీది వణుకు కూడా పోయింది. పల్నాటి_ప్రభ గారూ, మీ ప్రభకు సీక్వెన్సులు గీయడంలో సహాయం కావాలంటే తప్పక అడగండి. నా ఎక్స్‌లైట్స్ నమూనా ఫైళ్లను పంపగలను.

పల్నాటి_ప్రభ

ఎంతో సంతోషం, దీపమాలిక గారూ. మా ప్రభ నమూనా కొలతలు వేసి పంపుతాను. ఒక చివరి సందేహం: ప్రయాణం మధ్యలో ఒక కంట్రోలర్ పాడైతే అక్కడికక్కడే మార్చగలమా?

సియాటిల్‌వాసి

మార్చవచ్చు. అదే రకం బోర్డును మరొకదానిని కొని, పోర్టుల అమరికను ముందుగానే ఎక్కించి, మరే బోర్డూ వాడని ఐపీ చిరునామాతో పక్కన పెట్టండి. ఒక బోర్డు పాడైతే దాని చిరునామాను, దాని పేరు మీద ఎక్స్‌లైట్స్‌లో ఉన్న అమరికను ఈ అదనపు బోర్డుకు ఇచ్చి, పోర్టుల తీగలను అదే వరుసలో గుచ్చితే చాలు. రిమోట్ పద్ధతిలో నడిపేటట్లయితే సీక్వెన్స్ ఫైళ్లు కూడా దాని కార్డులో ఉండాలి కనుక, ప్రధాన ప్లేయర్‌కు పంపిన ప్రతిసారీ దానికీ పంపండి. పోర్టు సంఖ్యను ప్రతి తీగ కొన మీద చెరగని సిరాతో రాయండి. రాత్రివేళ నిచ్చెన మీద నిలబడి చేసేవారికి అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.